ఇంకా రాలేదు

శనివారం, రాత్రి

మధ్యాహ్నం మైపాడు పక్క పాళేనికి పోయి, పోలమ్మక్కకి నా అనువాదం చదివి వినిపించినాను. పరిశోధన కోసం ఎవరి మాటలు ఇంగ్లీషులోకి మార్చినా, వాళ్లకి మళ్లీ తెలుగులో చెప్పి సరేననిపించుకోవాలని మా గైడు మేడం నియమం. అక్క ఎండుచేపలు తిరగేస్తా వింటా ఉంది. "చనిపోయిన నా భర్త" అని నేను అనగానే ఆమె చేతులు ఆగిపోయినాయి.

"ఆయన చనిపోయినాడని నేనెప్పుడు చెప్పినాను పాపా?"

చెప్పలేదు. పోయిన నెల చేసిన రికార్డు అక్కడే మళ్లీ విన్నాను. "వేటకి పోయినాడు, ఇంకా రాలేదు" అనింది. అంతే. ఆయన సముద్రంలోకి పోయిన పడవ గల్లంతై తొమ్మిదేళ్లయింది కదా అని మిగతాది నేనే పూర్తి చేసేసినాను. రేషన్ కార్డులో ఆయన పేరు ఇప్పటికీ తీయనీలేదంట.

బస్సులోంచే మేడంకి ఫోన్ చేసినాను. "ఆమె మాట ఆమెదే, అట్లే ఉంచు. చదివేవాళ్లకి అర్థం కావాలి కాబట్టి అసలు సంగతి కింద ఫుట్‌నోట్‌లో రాసెయ్" అన్నారు.

వాక్యం మార్చినాను. పడవ తొమ్మిదేళ్ల కిందటే గల్లంతైందని ఫుట్‌నోట్ కూడా రాసినాను, చిన్న అక్షరాల్లో, ఒక్క లైను. అందులో అబద్ధమేమీ లేదు.

రేపు మళ్లీ పోయి చదివి వినిపించాలి. ఫుట్‌నోట్ దాకా చదవాలా, పైనే ఆపేయాలా...

పోలమ్మక్కకి చదువు రాదు. నేను ఎక్కడ ఆపితే, అక్కడికి అయిపోయిందనుకుంటుంది.