గుండప్ప అసలు చుట్టుకొలత

ఆగస్టు 4, సోమవారం
ఉదయం 11:20కి ఈరమ్మవ్వ గుండప్పను పోలీసులు పెనుకొండ స్టేషన్‌కు తీసుకుపోయారు. కారణం నేను. నిన్నటి పేపర్లో నేను తీసిన గుండప్ప ఫొటో – రొద్దం దగ్గర అవ్వ గొర్రెల దొడ్డి వాకిట్లో పసుపు కుంకుమ పూసిన ఇనుప గుండు. కింద నా వాక్యం: 'పాత ఫిరంగి గుండు కావచ్చు'. 'కావచ్చు'ను ఎవరూ చదవలేదు.

మధ్యాహ్నం అవ్వ ఫోన్. "ఏమప్పా, బాగా రాసినావు. నా గుండప్పను యాడ పెట్టినారో అది గూడా రాయి."

ఆగస్టు 5
హిందూపురం నుంచి మొదటి బస్సుకే పెనుకొండ. స్టేషన్ వెనక, ఇసుక బస్తాల మధ్య ఉన్నాడు గుండప్ప. ఎస్సై మాట సూటిగా ఉంది. లోపల అంతా ఇనుమైతే వెనక్కి ఇస్తారు. బోలుగా ఉంటే పేలుడు మందు ఉండొచ్చు – శుక్రవారం బాంబు స్క్వాడ్ వచ్చి క్వారీలో పేల్చేస్తుంది.

అవ్వ అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది. "పేలేదైతే మా అత్త దాంతో సీకాయ కొట్టినప్పుడే పేలుండాల" అంది. ఎస్సై నవ్వలేదు. రాసుకున్నాడు.

వచ్చే సోమవారం దొడ్డిలో ఉన్ని కత్తిరింపు. కత్తిరించిన ప్రతి గొర్రె గుండప్పను దాటి బయటికి పోవాలి. కోట కింద గొర్రెలు మేపుతుంటే గుండు దొరికిన నాటి నుంచి ఆ ఇంట్లో ఇదే పద్ధతి. గుండప్ప రాకుంటే కత్తెర ముట్టనివ్వనంటోంది. నూట పది గొర్రెలు.

ఆగస్టు 6
ధర్మవరం. ఖాదర్ సాబ్ ఇంట్లో టీ. సైన్యంలో ఫిరంగుల దగ్గరే ఉద్యోగమంతా చేసి రిటైరైన మనిషి. ఫొటో తీసిన రోజు దొడ్డిలోనే టేపుతో చుట్టి, ఉన్ని తూచే కాటాకు వేలాడదీసి తూచాను. ఆ అంకెలు ఇచ్చాను. చుట్టుకొలత నలభై ఆరు సెంటీమీటర్లు. బరువు పదిన్నర కిలోలు.

ఆయన కాగితం మీద లెక్క వేశారు. ఇంత లావు గుండు అంతా ఇనుమే అయితే పన్నెండు కిలోలకు దగ్గరగా తూగాలి. కిలోకు పైగా తక్కువ...

"లోపల బోలు ఉండాదబ్బా."

ఆగస్టు 7
లెక్క మూడుసార్లు చేశాను. అదే వస్తోంది. అవ్వకు ఫోన్ చేయలేదు.

ఆగస్టు 8, శుక్రవారం
ఇది వరసగా రాసుకోవాలి.

పదికి స్క్వాడ్ జీపు. ఖాదర్ సాబ్ ధర్మవరం నుంచి బస్సులో వచ్చారు – కళ్లతో చూడకుండా చెప్పిన మాట ఆయనకే నచ్చలేదట. అవ్వ కొబ్బరికాయతో వచ్చింది. అందరం స్టేషన్ వెనక గోడకు ఇవతల. దళసరి సూటు తొడుక్కున్న స్క్వాడ్ ఆయన ఒక్కడే గుండు దగ్గర. మందు కూరే రంధ్రం ఉందేమోనని వేలితో తడుముతుంటే చిన్న పెచ్చు ఊడింది. తెచ్చి గోడ మీద పెట్టాడు.

ఖాదర్ సాబ్ దాన్ని ఎండలో తిప్పి చూశారు. పసుపు పొర, ఎరుపు పొర, నూనె జిడ్డు, మళ్లీ పసుపు...

"అవ్వా, గుండప్పను ఎన్నాళ్లకొకసారి కడుగుతారు?"

"కడిగేదా? దేవున్నెవురన్నా గీకుతారా?"

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు కొలిచింది గుండును కాదబ్బా. పసుపును."

ఇరవై ఏళ్లుగా పేపర్లో వార్తలు, అంకెలు రాస్తున్నాను. ఏ తప్పూ ఇంత సంతోషం ఇవ్వలేదు.

కడగడానికి అవ్వ ఒప్పుకోవాలి. "ఆయప్ప నీళ్లు పోసుకోనొచ్చినాడా?" అని అడిగింది. స్నానం చేసే వచ్చానని సూటులోంచి జవాబు. సరే, అయితే చింతపండుతో రుద్దాలంది. హోటల్ నుంచి కానిస్టేబుల్ చింతపండు తెచ్చాడు. తడి గుడ్డతో స్క్వాడ్ ఆయన రుద్దుతున్నాడు, గోడ ఇవతల నుంచి అవ్వ అజమాయిషీ. "గట్టిగా రుద్దప్పా. అన్నం తినలేదా పొద్దున?"

ముప్పావుగంటకు నల్లటి ఇనుము బయటపడింది. రంధ్రం లేదు, పూడ్చిన గుర్తు లేదు. చుట్టుకొలత నలభై మూడున్నర. అంత లావు ఇనుము తూగాల్సింది పది కిలోలు. తూగింది పది కిలోల నూరు గ్రాములు.

గట్టి గుండు. అంతా ఇనుమే.

ఎస్సై నవ్వాడు. హెల్మెట్ తీసిన స్క్వాడ్ ఆయనకు అవ్వ కొబ్బరి చెక్క ఇచ్చింది. వెంటనే కొంగు ముడిలోంచి పసుపు తీసింది. "సన్నగా పూయవ్వా" – ఖాదర్ సాబ్.

ఏ ఫిరంగిది, ఎవరు ఎవరి మీద పేల్చారు... తెలియదు. రాయను.

ఆగస్టు 9
గుండప్ప దొడ్డి చేరాడు. ముందు కంటే చిన్నగా ఉన్నాడని చుట్టుపక్కల వాళ్ల ఫిర్యాదు. స్టేషన్లో సరిగ్గా తిండి పెట్టలేదంటున్నారు.

మధ్యాహ్నం ఎస్సై ఫోన్. అది పాత ఫిరంగి గుండని తేలింది కాబట్టి పురావస్తు శాఖకు తెలపడం ఆయన విధి, తెలిపాడు. మ్యూజియానికి తీసుకుపోవాలా, దొడ్డిలోనే ఉండనివ్వాలా – అధికారి వచ్చి చూసి చెప్తారట. సోమవారం పదికి. అవ్వకు నేనే చెప్పాను. ఆ సారు గొర్రెలంటే భయపడతాడా అని అడిగింది. తెలియదన్నాను.

ఆగస్టు 10, ఆదివారం
అవ్వ కబురు. కత్తిరింపు ఎప్పుడూ తెల్లవారితోనే మొదలుపెడతారు. రేపు పదికి పెట్టింది. అధికారికి వాకిట్లోనే, గుండప్ప పక్కన కుర్చీ. నూట పది గొర్రెలూ ఆయన ముందు నుంచే దాటాలి.

నన్ను తొమ్మిదిన్నరకు రమ్మంది. టేపు తేవద్దంది.