ఘాట్‌లో గేరు తీసిన అల్లుడు

చిరంజీవి అశ్వినికి నాయన రాసేది. శ్రీశైలం చేరినాను. ఒళ్లు బాగానే ఉంది, కోపమే దిగలేదు.

నీ మొగుడు తిప్పేష్ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఘాట్ ఎక్కినాడు. దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని గేరు తీసేసినాడు. మలుపులో బ్రేకు పట్టలేదు. వ్యాను పిట్టగోడను రాసుకుని నిలబడింది. అవతల లోయ. "నిమ్మకాయలు తొక్కిచ్చినాం కాబట్టే బతికినాం మామా" అని నవ్వుతాడు! గేరులో ఉండింటే గోడ దాకా పోయేవాళ్లమే కాదు. అల్లుణ్ణి ముఖాన తిట్టలేక నీకు ఈ కార్డు రాస్తున్నాను.

సోమవారం నన్ను పిలుచుకుపోయేదానికి చంటిబిడ్డతో ఆ వ్యానులో రావద్దు. బస్సుకు వస్తాను. ఎనుము మేత తింటోందా? బోరులో నీళ్లు ఉన్నాయా?

వ్యానుకు నిమ్మకాయలు కట్టినచోట ఈ కార్డు కట్టు, బండి ఎక్కేముందు చదువుకుంటాడు. బిడ్డకు నా దీవెనలు. తిప్పేష్‌కు కూడా.

నాయన, గురప్ప