వార్నిష్ పూయని బొమ్మ

సుగుణా, నీ బొమ్మను నేనే నీళ్లలో వేశాను. నాకు రాత రాదు కనుక నీ బిడ్డ సరిత చేతే ఈ ఉత్తరం రాయిస్తున్నాను. నా మీద కోపమున్నా, చెప్పింది చెప్పినట్టే రాస్తోంది.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు చివరగా చేసిన, రంగు కూడా వేయని బొమ్మ మొన్న అల్మారాలోంచి పడి మెడ విరిగింది. సరిత అతికిస్తానంది. నేనేమో నీళ్లలో నానబెడదామన్నాను.

"అమ్మ చేసిన ఆఖరి బొమ్మ పెద్దమ్మా! నీకు మనసెట్ల ఒప్పుతుంది?"

"గాలికి ఆరే మట్టి, నీళ్లల్ల ఏస్తే మళ్ల మెత్తగైతది. ముక్కు వంకరైతే మీ అమ్మ ఒక్క బొమ్మనన్న ఉంచిందా? బాన్సువాడ బజార్ల అమ్మేటివాటికే వార్నిష్ పూసేది, నీళ్లు తాకొద్దని. దీనికి పూసిందా, చూడు!"

సరిత తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా మెరుపు లేదు. బొమ్మను నా చేతికిచ్చింది.

లోపలి తీగ తీసేసి, మట్టిని చిన్న ముక్కలు చేసి, మూత డబ్బాలో నానబెట్టాను. తెల్లారి గుడ్డలో వేసి నీళ్లు పిండి, పీట మీద పిసుకుతుంటే సరిత వచ్చి కూర్చుంది.

"నీ చేతులల్ల బలం లేదు, ఇటియ్యి" అని ముద్ద లాక్కుంది.

ఆ మట్టితో తను చేసిన బొమ్మ ఇవాళ ఆరింది. వార్నిష్ సీసా మూత తీసింది. బొమ్మ ముఖం కాసేపు చూసి, మళ్లీ మూత బిగించింది.

"ముక్కు వంకరొచ్చింది పెద్దమ్మా. రేపు నానబెడుత."