పావు శాతం

జూన్ 2, సోమవారం
మేము సాఫ్ట్‌వేర్ చూసే ఇంటి రుణాల కంపెనీ నుంచి పొద్దున్నే మెయిల్. వడ్డీ ఇరవై ఐదు బేసిస్ పాయింట్లు పెరిగింది, ఈరోజే మార్చాలి. మార్చాను. పైన సరిచూసి ఆమోదించాల్సింది యాదగిరి అన్న. ఆయనకు అప్పుడే వేరే మీటింగ్. లేస్తూ అడిగారు — "మంచిగ చూసినవా సుధా?" రెండుసార్లు చూశానన్నాను.
ఒక్కసారే చూశాను.

జూన్ 4, బుధవారం
ఒకటే ఫోన్లు. ఎనిమిదిన్నర శాతం కట్టేవాళ్ళకు ఇకపై పదకొండు అని మెసేజ్ వెళ్ళింది. మదీనాగూడలో ఒకాయన అది చూసి హడలిపోయి, కొత్త ఫ్లాటుకిచ్చిన అడ్వాన్సు వదిలేసుకున్నాడట.
ఫైలు తెరిచాను. వంద పాయింట్లయితే ఒక శాతం. ఇరవై ఐదంటే పావు శాతం — 0.25. గడిలో 2.5 ఉంది. వందతో భాగించాల్సింది పదితో భాగించాను. నేనే.

జూన్ 5
మీటింగ్. మేనేజర్ రమణ గారు ఆమోదం పేజీని తెర మీద పెట్టారు. అందులో కనిపించే పేరు ఒక్కటే, యాదగిరి. "మీ కళ్ళ ముందు నుంచి ఎలా దాటిపోయిందండీ ఇది?"
అన్న తల దించుకున్నారు. "చూడాల్సింది సార్. చూడలే."
నా వైపు తిరగలేదు. నేను నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

జూన్ 6
ఈరోజూ చెప్పలేదు.

జూన్ 9, సోమవారం
అన్నతో రాజీనామా రాయించుకున్నారు. పద్నాలుగేళ్ళ ఉద్యోగం... కూతురి ఫొటో, కళ్ళద్దాల పెట్టె, టిఫిన్ డబ్బా — ఒక్క సంచిలో పట్టేశాయి. లిఫ్టు దాకా వెళ్ళాను. ఆయన మెట్ల మీదుగా దిగిపోయారు.

జూన్ 14, శనివారం
ప్రగతి నగర్‌లో అన్న వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు ఆయన భార్య తీశారు. "ఆఫీసోళ్ళల్ల ఒక్కరన్న వచ్చిన్రు. కూసో బిడ్డా." చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.
అన్నకు చెప్పేశాను. తప్పు నాది. రెండుసార్లు చూడలేదు, అబద్ధమాడాను.
"తెల్సు," అన్నారు అన్న. "ఫైల్ల నీ పేరు ఉంటది గద. నువ్వే చెప్తవేమో అని సోమారం దాంక చూసిన."
మరి మీరెందుకు చెప్పలేదు అన్నా?
"చూడకుండ పాస్ చేసిన. అది నా తప్పు, ఒప్పుకున్న. నీది నువ్వు చెప్పుకోవాలె."
చాయ్ వచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని, కూతురి కాలేజీ గురించి ఏదో చెబుతున్నారు. కప్పు ఖాళీ చేసి లేచాను.

జూన్ 16
రమణ గారికి చెప్పాను. లేచి తలుపు మూశారు.
"ఇప్పుడెందుకు సుధా? క్లయింటుకు జవాబు చెప్పేశాం. ఆయన ఎలాగూ తిరిగి రాడు. నువ్వూ పోతావు, అంతేగా."
రాసి ఇస్తానన్నాను. వద్దన్నారు. ఇవ్వలేదు. బయటికి రాగానే గుండె తేలికైంది — సిగ్గుగా ఉంది, కానీ నిజం.

జూన్ 18
అన్న ఫోన్ ఎత్తలేదు.

జూన్ 20
ఎత్తలేదు.

జూన్ 23, సోమవారం
కొత్తగా చేరినవాళ్ళకు బేసిస్ పాయింట్ల పాఠం నన్నే చెప్పమన్నారు. ఆరుగురు. బోర్డు మీద రాశాను. పాయింట్లను వందతో భాగిస్తే శాతం. యాభై అంటే అర శాతం. ఐదు అంటే 0.05.
ముందు కూర్చున్న అమ్మాయి నవ్వింది. "ఇంత ఈజీ దాంట్లో తప్పెవరు చేస్తారు మేడమ్?"
"నేను," అన్నాను.
అందరూ నవ్వారు. జోకనుకున్నారు. వాళ్ళ నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. ఇంకో మాట అనాలి, ఆయన పేరైనా చెప్పాలి...
బోర్డు వైపు తిరిగి తర్వాతి లెక్క రాశాను.