ఎడంచేతి అమ్మవారు

14 సెప్టెంబరు 1951, రాజోలు

స్కూల్ ఫైనల్ చదివినా పెళ్లయ్యాక పెన్ను పట్టలేదు. యాభయ్యో ఏట ఈవేళ పట్టాను. ఇంట్లో ఒక మాట చెప్పాల్సి ఉంది. నా గొంతేమో పక్క గదికి కూడా వినపడదు. ముందు ఇక్కడ రాసి అలవాటు చేసుకుంటాను.

మా అబ్బాయి కూతురు సత్యవతికి ఏడేళ్లు. ఎడంచేతి వాటం. అన్నం కుడిచేత్తోనే తింటుంది. పలకా, క్రేయాన్లూ మాత్రం ఎడంచేతికే వెళ్తాయి. ఆ చేతిని మా వదినగారు, అంటే మావారి అక్కగారు అచ్చాయమ్మగారు, చీరపేలికతో నడుముకి కట్టించారు. ఎడంచేత్తో రాస్తే సరస్వతికి కోపమట. అప్పటినుంచి పిల్ల బొమ్మ వేయలేదు. పలక తీయడమూ మానేసింది.

17 సెప్టెంబరు

వదినగారు అంతర్వేది వెళ్లారు. కట్టు విప్పి క్రేయాన్ల పెట్టె ఇచ్చాను. కాగితం చాలదంది. పూజగది గోడ చూపించాను.

లక్ష్మీదేవి వచ్చింది. గులాబీరంగు చీర, ఆకుపచ్చ అంచు, రెండు చేతుల్లో తామరలు. పిల్ల చెయ్యి ఒక్కసారీ తడబడలేదు. చూస్తూనే దండం పెట్టుకున్నాను.

సాయంత్రానికి మళ్లీ కట్టేశాను. 

18 సెప్టెంబరు

బొమ్మ నేనే వేశాననుకున్నారు వదినగారు. మరదలా, ఇన్నాళ్లూ ఈ విద్య ఎక్కడ దాచేవే అని కుంకుమ పెట్టి హారతిచ్చారు. కాదనలేదు నేను.

24 సెప్టెంబరు

రోజూ హారతి. ఈవేళ చక్రపొంగలి కూడా.

27 సెప్టెంబరు

సరస్వతిని కూడా వెయ్యవే అని వదినగారు నన్నడిగితే సత్యవతి అందుకుంది. పెద్దమామ్మా, నా చెయ్యి విప్పు, అదీ నేనే వేస్తా అంది.

వదినగారు, అయ్యో, ఇన్నాళ్లూ ఎడంచేతి రాతకా హారతి పట్టేను అని కూలబడ్డారు. దసరాకి ఎలాగూ సున్నం వేయించాలి, ముందు ఆ గోడే అన్నారు.

29 సెప్టెంబరు

సున్నాలేసే అబ్బులు వచ్చి ఆ గోడకి సున్నం వేశాడు. ఆరేసరికి అమ్మవారు మళ్లీ కనిపించింది. క్రేయాన్ మైనం మీద సున్నం నిలవదు. రెండో పూత వేశాడు, మూడోది వేశాడు. గోడ తెల్లబడినకొద్దీ ఆవిడ ఇంకా కళకళలాడింది. గోడ ఖాళీ చెయ్యమంటే అమ్మవారు చెయ్యనంటన్నారండీ, ఆయ్, అన్నాడు అబ్బులు.

గోకెయ్యమన్నారు వదినగారు. అమ్మవారి మొహం మీద ఇనుము పెట్టలేనండీ అని వాడు కుంచె కింద పెట్టేశాడు.

అప్పుడు చెప్పాను. గొంతు పెంచలేదు. వదినగారూ, మీ హారతి ఆవిడ తీసుకుంది, ఏ చేత్తో వేశారని అడగలేదు, మనమూ అడగొద్దు, ఈ పిల్ల చెయ్యి ఇంక కట్టను, ఎవర్నీ కట్టనివ్వను అన్నాను. పేలిక విప్పి పొయ్యిలో వేశాను.

రేపు దీన్నెవడు చేసుకుంటాడే అన్నారు వదినగారు. వచ్చేవాణ్ణి ముందు ఈ గోడ చూసి మాట్లాడమందాం అన్నాను.

ఆవిడ గోడ దగ్గరకెళ్లి బొమ్మని పరకాయించి చూశారు. తర్వాత సత్యవతితో, ఏమే, అమ్మవారికి ముక్కుపుడక లేదేంటే అన్నారు. పిల్ల పసుపు క్రేయాన్ కోసం పరిగెత్తింది.

1 అక్టోబరు

ఈ ముక్క ఎడంచేత్తో, నీలం క్రేయాన్‌తో రాస్తున్నాను. అక్షరాలు వాలిపోతున్నాయి. ఫరవాలేదంది సత్యవతి. ఈ కాగితాలు ఎవరికి దొరికినా పూజగదిలోనే ఉంచండి. వీటికి సున్నం చూపించకండి.