ముందు సీటు కొలత

మేస్త్రీ గారికి నమస్కారాలు.

పెద్ద మోటార్ సైకిల్ మీద ఏటా మీ షెడ్డుకి వచ్చే పొడుగాటి ఆయన గుర్తున్నారు కదా, నేను ఆయన కూతుర్ని. నాన్న పోయి ఆరు నెలలైంది. కబురు చెయ్యనందుకు క్షమించండి. మీకు ఫోనులో సరిగ్గా వినపడదని అమ్మ చెబితే ఉత్తరం రాస్తున్నాను.

నాన్న వస్తువుల్లో అన్నయ్య పుస్తకాల బీరువా కోరుకున్నాడు, నేను బండి కోరుకున్నాను. ఎదుటివాళ్ళే మోసపోయారని ఎవరికి వాళ్ళం సంతోషంగా ఉన్నాం. ఐదేళ్ళుగా అది వరండాలో టార్పాలిన్ కింద పడి ఉంది. సీటు ఎలుకలు తినేశాయి. హ్యాండిలు తుప్పు పట్టింది. లారీలో పంపుతున్నాను. తోలిన మనిషికి ఆ బండి ఎలా అమిరి ఉండేదో అచ్చం అలాగే చేసివ్వండి.

వచ్చే నెల పది రోజులు సెలవు పెట్టాను. ఏటా అమ్మని వెనక కూర్చోబెట్టుకుని నాన్న వెళ్ళిన కొండ దారిలోనే సముద్రం దాకా వెళ్ళాలి. ఆయన కూర్చున్న చోట కూర్చుని, ఆయన చూసిన దారి చూడాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. మోకాళ్ళు రెండు పక్కలకీ బార్లా చాపి నాన్న మా వీధి మలుపు తిరుగుతుంటే ఆ దర్జా చూసి తీరాలి. ఆయన ఎత్తూ, కోపమూ రెండూ నాకే వచ్చాయి.

ఇట్లు,
పొడుగాయన కూతురు

తా.క. క్లచ్ రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలేలా ఉండాలని అమ్మ చెప్పమంది. ఈ మాటలు ఎక్కడ విందో, పాపం.

* * *

అమ్మాయిగారికి మేస్త్రీ రాయునది.

పెద్దాయన లేరని చదివి, చేతిలో స్పానరు కింద పెట్టి కాసేపు గడపలో కూర్చున్నాను. అంత మంచి మనిషిని మళ్ళీ చూడను.

బండి అందింది. సైలెన్సర్‌లో కందిరీగలు కాపురం పెట్టాయి. ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పేసరికి నా కుడి చెవి బన్నులా ఉబ్బింది. ఎడమ చెవి ఎలాగూ పనిచెయ్యదు కనుక ఇప్పుడు పూర్తి ప్రశాంతంగా ఉన్నాను.

ఇంజను విప్పి చూశాను. లోపల బంగారం. తోలిన చెయ్యి అలాంటిది, ఏనాడూ గేరు గరగరలాడించి ఎరగదు. సీటు, హ్యాండిలు కొలతలు నా నోటుబుక్కులో ఉన్నాయి. తోలిన మనిషికి అమిరినట్టే అని మీరు రాసింది రెండుసార్లు చదువుకున్నాను. వెంట్రుకవాసి తేడా రానివ్వను.

ఇట్లు,
మేస్త్రీ

తా.క. క్లచ్ గురించి అమ్మగారు చెప్పాక ఇక దానికి తిరుగులేదు.

* * *

మేస్త్రీ గారికి నమస్కారాలు.

బండి నిన్న వచ్చింది. ఇంజను చప్పుడు వింటే మీ చేతులకి దండం పెట్టాలనిపించింది. అమ్మ వంటింట్లోంచి తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

కానీ ఎక్కి కూర్చున్నాక ప్రాణం ఉసూరుమంది. ముందు సీటు స్పాంజి కోసేసి కిందికి దించారు. హ్యాండిలు దగ్గరికి లాగేశారు. తిప్పితే నా మోకాలికి తగులుతోంది. వెనక సీటేమో సోఫాలా పరిచారు, ఫుట్‌రెస్టులు జానెడు కిందికి పెట్టారు, పట్టుకోవడానికి బస్సులో ఉన్నంత లావు కడ్డీ కూడా మళ్ళీ బిగించారు. నాన్న ఆరడుగుల మనిషి. మీరు నోటుబుక్కులో వేరే పేజీ చూసినట్టున్నారు. మూడు చక్రాల సైకిలెక్కిన హెడ్మాస్టరులా ఉన్నానని అన్నయ్య నవ్వాడు. వాడి నవ్వు ఆపించే పూచీ మీదే.

ఇట్లు,
మోకాలు కమిలిన మీ కస్టమరు

తా.క. వెనక కడ్డీ ఒక్కటే పాతది ఉంచినట్టున్నారు, అరిగి నున్నగా ఉంది. అమ్మ ఎంత భయపడి పట్టుకునేదో తలుచుకుంటే జాలేస్తోంది.

* * *

అమ్మాయిగారికి మేస్త్రీ రాయునది.

పేజీ మారలేదు. ముప్ఫై ఏళ్ళూ ఆ బండి కొలత అదే. ఇంతకుమించి చెప్పలేను. ఒకరికి మాటిచ్చాను. చెవులు పోయినా నా నోరు నా స్వాధీనంలోనే ఉంది.

ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి.

ఇట్లు,
మేస్త్రీ

తా.క. ఆ కడ్డీ పాతదే, కానీ మొదటిది కాదు. మూడోది. ముందు రెండూ ఆ పట్టుకి వంగిపోయాయి.

* * *

మేస్త్రీ గారికి,

ఎవరిని అడగమంటారు? అమ్మకి బ్రేకేదో హారనేదో తెలియదు. ఈ ఊళ్ళోనే ఎవరిచేతనైనా సీటు ఎత్తు చేయిస్తానంటే మాత్రం, పుట్టి బుద్ధెరిగాక నా మీద అంత కోప్పడటం చూడలేదు. "ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది. నాన్న గుర్తు చెరిగిపోతుందని ఆవిడ బాధ. నా బాధ వేరు. ఆ సీట్లో కూర్చుంటే నాన్న దగ్గర కూర్చున్నట్టు ఉంటుందనుకున్నాను. ఎవరో పరాయి మనిషి చోటులో ఇరుక్కున్నట్టుంది. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

సోమవారం లారీలో బండి తిరిగి పంపుతున్నాను. నా కొలతలు ఈ కాగితం వెనకవైపు రాశాను. నాన్నవీ అవే. దయచేసి ముందు సీటు ఆ ప్రకారం చెయ్యండి. సెలవు ఇంకా తొమ్మిది రోజుల్లో మొదలవుతుంది. మీకు చేతకాకపోతే చెప్పండి, వేరే షెడ్డు చూసుకుంటాను.

ఇట్లు,
నాన్న కోపం కూడా వచ్చిన కూతురు

తా.క. అమ్మ నాలుగు రోజులు పిన్ని దగ్గరికి వెళ్తానంది. ఒకందుకు మంచిదే, బండి లారీ ఎక్కడం చూడక్కర్లేదు.

* * *

అమ్మాయిగారికి మేస్త్రీ రాయునది.

లారీ మంగళవారం వచ్చింది. వెనక బండి దిగింది, ముందు డ్రైవరు పక్కనుంచి మీ అమ్మగారు దిగారు. "ఆయన లేరుగా, ఇక చెప్పెయ్యండి మేస్త్రీ" అన్నారు. చెబుతున్నాను.

మొదటి ఏడు కొండ దారిలో రెండో మలుపు దగ్గరే పెద్దాయనకి కాళ్ళు వణికాయి. బండి ఆపి రాయి మీద కూర్చుని, ఇంటికి పోదామన్నారు. అమ్మగారు పుట్టింట్లో అన్నయ్యల బళ్ళన్నీ తోలినావిడ. "తాళం ఇలా ఇవ్వండి" అన్నారట. ఆ తర్వాత ఏటా అదే వరస. ఊరి చివర పెట్రోలు బంకు దాకా పెద్దాయన, అక్కణ్ణుంచి సముద్రం దాకా అమ్మగారు. వచ్చేటప్పుడు మళ్ళీ బంకు దగ్గర మార్పు. ఎక్కువ దూరం తోలే మనిషికే సీటు కుదిర్చాను. మీ వీధిలో పెద్దాయన మోకాళ్ళు బార్లా చాపింది దర్జాకి కాదమ్మా, పెట్టుకోవడానికి చోటు లేక.

పిల్లలు తనని చూసి మురిసిపోతుంటే సిగ్గేస్తోందని, చెప్పేస్తానని పెద్దాయన నా ముందే ఎన్నిసార్లో అన్నారు. అమ్మగారే ఒప్పుకోలేదు. "వాళ్ళ ముందు ఆయన చిన్నబోతే నేను తోలిన సరదా ఏం మిగులుతుంది" అన్నారు. నా దగ్గర మాట తీసుకున్నదీ ఆవిడే.

మీరు రాసిన కొలతలు టేపు పెట్టి చూశాను. వెనక సీటుకి అంగుళం తేడా లేకుండా సరిపోయాయి. పెద్దాయన కూర్చున్న చోటు అది. ఆయన చూసిన దారి కనిపించేదీ అక్కణ్ణుంచే. ముందు సీటు మాత్రం ముట్టుకోలేను. ఆ సీటు మనిషి నిక్షేపంలా ఉన్నారు. లైసెన్సు కూడా చూపించారు, ఇంకా రెండేళ్ళు చెల్లుతుంది.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. బండి మీద తెచ్చి ఇచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వండి.

ఇట్లు,
మాట బరువు దిగిన మేస్త్రీ

తా.క. మలుపుల్లో నోరెత్తకుండా కూర్చుంటానని మాటిస్తేనే మిమ్మల్ని తీసుకెళ్తారట. మీ నాన్నగారు ఏటా ఆ మాట ఇచ్చి, ఏటా రెండో మలుపులోనే తప్పేవారట.