పొట్టి బొచ్చు రోలర్

ఫిబ్రవరి 5, సోమవారం

ఇంటి మీద కొత్తగ కట్టిన అర్రకు ప్లాస్టర్ అయి నెల దాటింది. గోడలు ఎండినయి. రంగు పనికి తన తమ్ముడు సిద్ధరాములును పిలుస్తనని నా పెండ్లాం చంద్రభాగ అన్నది. నేనే వేస్త అన్న. నోట్లకెళ్లి ఎట్ల వచ్చిందో తెల్వది. ఆమె బీడీ చుట్టుడు ఆపి నన్ను చూసింది. ఆదివారం దాక టైం ఇచ్చింది.

సిద్ధరాములు మంచి పెయింటరే. కానీ పన్నెండేండ్ల కింద మా ఇంట్ల నల్లా బిగించిండు. బావకు చేతగాలేదని ఇప్పటికీ ప్రతి పెండ్లిల చెప్తడు. రంగు గూడ వేస్తే నేను పోయేదాక చెప్తడు.

ఫిబ్రవరి 6, మంగళవారం, పదకొండు గంటలకు

భవాని పేట్ల పెయింట్ దుకాన్‌కు పోయిన. రోలర్ అంటే ఒకటే రకం అనుకున్న. గోడ నిండ వేలాడుతున్నయి. దుకాన్ నడిపే వినాయక్ మరాఠీల అడుగుతనే ఉన్నడు, గోడ నున్నగుందా, గరుకుందా అని. ఒకదాని బొచ్చు వేలితోటి ఒత్తిన. నలభై ఏండ్లు సాంచా మగ్గం మీద టవల్లు నేసినోన్ని, వేలు ఊకోదు. నూలా, పాలిస్టరా తెల్వలే. ఎప్పుడు చూసినట్టే ఒక పోగు పీకి, అగ్గిపుల్ల గీసి అంటించిన.

కరిగి ముద్దయింది. పాలిస్టరే.

వినాయక్ కౌంటర్ మీదికెళ్లి దుంకిండు. చుట్టూ థిన్నర్ డబ్బాలున్నయట. నేను చూడలే. సిగ్గుతోటి ఆయన చేతిల పెట్టింది తెచ్చుకున్న.

ఫిబ్రవరి 7, బుధవారం

పెట్టింది పొడుగు బొచ్చుది. గరుకు గోడలకట. సగం బకెట్ రంగు తాగింది. సీలింగ్‌కు ఎత్తంగనే తాగిందంత నా మీద కక్కింది. గోడ సంత్రపండు తొక్క లెక్క గుంటలు గుంటలు అయింది. చంద్రభాగ మీదికొచ్చి చూసింది. ఫోన్ ఏడున్నదని అడిగింది.

ఫిబ్రవరి 8, గురువారం

దుకాన్ ఎదురుంగ హోటల్ల మూడు ఛాయ్‌లు తాగిన. మార్చియ్యమని అడుగ చేతగాలే. లోపటికి పోయి స్పాంజిది కొన్న. గోడంత బుడగలు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

బొచ్చు నేసెటోడు బొచ్చు కొనుడేంది? పొద్దుగాల గిదే ఆలోచన వచ్చింది. పెట్టెలకెళ్లి మా సాంచాది కొత్త టవల్ తీసి, కోసి, రోలర్‌కు కుట్టిన. ఎంత మంచిగ తిరిగిందో. గంటల సీలింగ్ మొత్తం అయింది. ఛాతి విరుచుకొని ఆమెను పిలిచిన.

కొత్త టవల్ పీచు రాలుస్తదని నలభై ఏండ్లు గిరాకులకు చెప్పినోన్ని నేనే. నా ఇంట్ల మర్చిన. సీలింగ్‌కు నూనుగు మీసాలు మొలిచినయి.

ఆమె మెల్లగ అన్నది, "ముప్పై ఏండ్లు అన్నంలకెళ్లి పీచు ఏరిన. పీచు లేని అర్ర ఒక్కటి అడిగిన."

కింద సాంచా నడుస్తనే ఉంటది. మీద అర్ర కట్టింది అందుకే. వారం సంది నేను సిద్ధరాములు నోరు గురించే ఆలోచించిన.

ఫిబ్రవరి 10, శనివారం

దుకాన్ తెరువకముందే పోయి నిలబడ్డ. దారెంట మాటలు పాఠం లెక్క అప్పజెప్పుకున్న. వినాయక్ ముందుగాల నా జేబు చూసిండు. అగ్గిపెట్టె ఉన్నదా అని అడిగిండు. లేదన్న. అప్పుడు చెప్పిన, "కొత్త ప్లాస్టర్. నున్నటి గోడ. బొచ్చు పొట్టిగుండాలె. పీచు రాలొద్దు."

ఇన్ని మాటలు ఒక్కపారి అన్నట్టు నాకు యాదిలేదు.

మైక్రోఫైబర్‌ది ఒకటి తీసిండు. ఒత్తిన. వేలు బియ్యపు గింజంత దిగి ఆగింది. గిదే. వాడేముందు టేప్ అంటించి పీకితే లూజు పీచు పోతదన్నడు. కొత్త ప్లాస్టర్ రంగు తాగుతది, మొదటి కోటుల నీళ్లు ఎక్కువ కలుపుమన్నడు. మంగళవారమే అడిగితే మంగళవారమే చెప్తుండెనట.

సాయంత్రం దాక గరుకు కాగితంతోటి బుడగలు, మీసాలు గీకిన. పలుచగ ఒక కోటు వేసిన. టవల్ లెక్కనే తిరిగింది, ఏం రాలలే.

ఫిబ్రవరి 11, ఆదివారం

పది గంటలకు రెండో కోటు అయింది. పదకొండుకు సిద్ధరాములు దిగిండు. ఆమె బుధవారమే ఫోన్ చేసిందట. ట్యూబులైట్ వేసి, మెడ వెనక్కి వంచి, తప్పు కోసం వెతుక్కుంట తిరిగిండు. బావ వేసిండంటే నమ్మబుద్ధయితలేదన్నడు. తిరిగి తిరిగి కిటికీ మూలకు వచ్చిండు. అక్కడ సీలింగ్ రంగు కింద ఒక టవల్ పోగు ఉబ్బుగ ఉన్నది. గీకుడుల తప్పిపోయింది. నేను పొద్దుగాలనే చూసిన. ఆమె గూడ చూసిందని అప్పటిదాక తెల్వది.

చంద్రభాగ లైట్ బంద్ చేసింది. ఎండ వస్తున్నదని కిటికీ గూడ మూసింది.

"ఛాయ్ సల్లారుతది, కిందికి నడువురా" అని తమ్మునితోటి అన్నది.

ఫిబ్రవరి 12, సోమవారం

ఆమె మంచం సరిగ్గ ఆ పోగు కింద వేయించుకున్నది. గీకుతనన్న. వద్దన్నది.